స్వగృహస్మృతి – కథాశిల్పము

తన యింటిని, తన యూరిని, తన బాల్యమును వస్తువుగా గైకొని కథ చెప్పుట ఆధునికాంధ్ర వచనవాఙ్మయమున ఒక ప్రధానమార్గమై నిలిచినది. ప్రాచీనకావ్యములందు కవి యొక్క యిల్లు అవతారికకే పరిమితము. వంశవర్ణనము, గురుప్రశంస, ఇష్టదేవతాస్తుతి ముగిసిన పిమ్మట కవి తన గడప దాటి పురాణకథాప్రపంచమున ప్రవేశించును. మరల ఆశ్వాసాంతగద్యమున మాత్రమే తండ్రి పేరుతో కనబడును. ఇరువదవ శతాబ్దిలో ఈ యెల్ల చెరిగిపోయినది. అవతారికలో ఒదిగియుండిన యిల్లే కథాశరీరమంతటను ఆక్రమించినది.

ఇట్టి రచనలను గూర్చి తరగతిగదులలోను, పరిశోధనవ్యాసములలోను రెండు విధములైన తీర్పులు తరచుగా వినవచ్చును. రచయిత తాను అనుభవించినదే వ్రాసినాడు, కావున నిది సత్యము, సత్యమగుటచేతనే ఉత్తమము అనునది మొదటిది. రచయిత తన చిన్ననాటి ముచ్చటలను నెమరువేసికొనినాడు, ఇందు కల్పన లేదు, కావున నిది ఆత్మచరిత్రఖండమే కాని కథ కాదు అనునది రెండవది. పైకి పరస్పరవిరుద్ధములుగా తోచు ఈ రెండు తీర్పులకును మూలమొక్కటియే. స్మృతి యనగా గాదెలో పోసియుంచిన ధాన్యము వంటిదనియు, రచయిత చేయవలసినదెల్ల దానిని కొలిచి బయట పోయుటయే యనియు ఇరువాగుల వారును భావించుచున్నారు. ఈ భావము యొక్క ఫలితము విమర్శకు చేటు కలిగించుచున్నది. కథలోని మేనత్త వాస్తవముగా నెవరు, ఆ రావిచెట్టు ఏ వీథిలోనిది, ఆ తగవు ఏ సంవత్సరమున జరిగినది అను విషయములను నిర్ణయించుటతో విద్యార్థి తన పని ముగిసినదని తలచుచున్నాడు. ఆనవాలు పట్టుట విమర్శకు సాధనము కావచ్చును. అదియే విమర్శ కాజాలదు.

ఇంటి స్మృతి కథగా మారుటకు రచయిత త్యజింపవలసినది వివరము కాదు, ఆ వివరముపై తనకు గల స్వామ్యము అని ప్రతిపాదించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. 'ఇది నాది' యను పట్టు సడలినకొలది ఊరిపేరు, ఇంటిపేరు, వంటయింటి మాట మరింత స్పష్టముగా నిలుచునే కాని మరుగుపడవు. ఈ ప్రతిపాదనను మొదట మన లాక్షణికుల మాటలతోను, పిదప కొన్ని రచనలతోను పరీక్షింతము.

స్మృతిని గూర్చి మన శాస్త్రములు ఏకాభిప్రాయము కలవి కావు. తార్కికులు జ్ఞానమును అనుభవమనియు స్మృతియనియు విభజించి, కేవలసంస్కారము వలన పుట్టు జ్ఞానమును స్మృతి యనిరి. వారి దృష్టిలో స్మృతి పూర్వానుభవమిచ్చినదానినే తిరిగి యిచ్చును, క్రొత్తదానిని తెలుపదు, కావున నది ప్రమాణకోటిలో చేరదు. ఆలంకారికుల మార్గము వేరు. భరతుడు స్మృతిని 33 వ్యభిచారిభావములలో నొకటిగా పరిగణించినాడు. అనగా నది రసమునకు పోషకమైన చిత్తవృత్తి. అభినవగుప్తుడు ఇంకను ముందునకు పోయినాడు. శాకుంతలము పంచమాంకమున హంసపదిక పాట విని దుష్యంతుడు కారణము తెలియని ఉత్కంఠకు లోనగు ఘట్టమును ఉదాహరించుచు, ఇచట చెప్పబడిన స్మృతి తార్కికప్రసిద్ధమైన స్మృతి కాదనియు, ఇది ప్రతిభానముతో సమానమైన సాక్షాత్కారమనియు వివరించినాడు. దుష్యంతునకు గుర్తు వచ్చిన వస్తువు లేదు. గుర్తునకు వచ్చుచున్న వేదన మాత్రమే కలదు. కథకునకు కావలసినది ఈ రెండవ స్మృతి. తార్కికుని స్మృతి సాక్షికి పనికివచ్చును. అభినవగుప్తుని స్మృతి కథకునకు పనికివచ్చును.

అభినవగుప్తుడే రససూత్రవ్యాఖ్యానమున ఏడు రసవిఘ్నములను పేర్కొనినాడు. వానిలో మూడు మన ప్రస్తుతవిషయమునకు మిక్కిలి సన్నిహితములు. ఇది నా స్వంతము లేక ఇది పరునిది అను నియమముతో దేశకాలవిశేషములు మనస్సును ఆవేశించుట ఒకటి. తన సుఖదుఃఖములకు తానే వివశుడగుట రెండవది. చూపబడు వస్తువునకు స్ఫుటత్వము లేకుండుట మూడవది. ఇవి ప్రేక్షకుని గూర్చి చెప్పిన మాటలు. అయినను స్వగృహమును స్మరించి వ్రాయు రచయిత తన స్మృతికి తానే మొదటి ప్రేక్షకుడు. కావున నివి అతనికిని చెల్లును.

ఇచట నొక సందేహము కలుగును. దేశకాలవిశేషములు విఘ్నములైనచో, ఫలానా ఊరు, ఫలానా వీథి, ఫలానా తాతయ్య అని పేరుపేరున చెప్పు కథలు రసవంతములెట్లు కాగలవు? సాధారణీకరణమనగా ఊరిపేరు తుడిచివేయుటయా? కాదు. మూడవ విఘ్నమునకు అభినవగుప్తుడు సూచించిన ప్రతీకారమును గమనించినచో సందేహము తీరును. స్ఫుటత్వము కొరకు లోకధర్మితోడను, వృత్తులతోడను, ప్రవృత్తులతోడను కూడిన అభినయము కావలెనని యతడు చెప్పినాడు. ప్రవృత్తి యనగా నానాదేశముల వేషభాషాచారములను తెలుపునదని భరతుని నిర్వచనము. దేశవిశేషమును రసమునకు ఉపకరణముగా గ్రహింపుమని లాక్షణికులే చెప్పియున్నారు. వారు నిషేధించినది దేశమును కాదు, 'ఇది నా దేశము, నీకు దీనితో నిమిత్తము లేదు' అను నియమమును. వివరము నిలువవలెను, స్వామ్యము పోవలెను.

ఈ భేదమును శాస్త్రకారుల కంటె స్పష్టముగా ఒక నాటకకర్త దృశ్యముగా చూపియున్నాడు. భవభూతి ఉత్తరరామచరితము ప్రథమాంకమునకు చిత్రదర్శనమని పేరు. సీతారాముల పూర్వచరిత్ర నంతటను చిత్తరువులుగా వ్రాయించి, లక్ష్మణుడు వారికి ఒక్కొక్కటిగా చూపును. తమ బ్రదుకే తమ యెదుట కళయై నిలిచినది. వివాహఘట్టమున లక్ష్మణుడు సీతను, మాండవిని, శ్రుతకీర్తిని పేర్కొని ఊర్మిళను విడిచిపెట్టును. సీత పరిహాసముగా, ఈమె యెవరని యడుగగా నతడు సిగ్గుపడి చూపు మరొక చిత్రము మీదికి మరలించును. తరువాత మంథర చిత్రము వచ్చును. రాముడు మారుపలుకక శృంగిబేరపురమునందలి ఇంగుదీవృక్షమును చూపును. మధ్యమాంబవృత్తాంతమును అన్నగారు దాటవేసినారని లక్ష్మణుడు తనలో అనుకొనును. పిదప శూర్పణఖ చిత్రమును చూచి సీత భయపడి, భర్తృవియోగము అప్పుడే సంప్రాప్తమైనట్లు విలపింపగా, ఇది చిత్రము మాత్రమేయని రాముడు ఓదార్చును.

ఒకే చిత్రశాలలో స్వగృహస్మృతి యొక్క మూడు స్థితులు ఇచట కనబడుచున్నవి. లక్ష్మణుని మౌనము లజ్జ వలన వచ్చినది. రాముని మౌనము క్షమ వలన వచ్చినది. సీతకు స్మృతికిని వర్తమానమునకును నడుమ ఎడమే లేదు. సీత చిత్రమును చూచుటలేదు, శూర్పణఖనే చూచుచున్నది. అందుచే నామెకు కలిగినది రసము కాదు, భయము. ప్రేక్షకులమైన మనకు కరుణము కలుగుచున్నది. ఏలయన ఆమె భయపడుచున్న వియోగము కొలది నిమిషములలో దుర్ముఖుని రాకతో నిజము కానున్నదని మనకు తెలియును. స్మరించు పాత్ర వేరు, స్మృతిని కథగా అమర్చు కవి వేరు. స్వగృహమును గూర్చి వ్రాయు రచయిత ఈ రెండు పదవులను ఒక్కడే నిర్వహింపవలెను: ఒక కంటితో సీతవలె చూడవలెను, మరియొక కంటితో భవభూతివలె చూడవలెను.

తెలుగు వచనమున ఈ ద్వంద్వదృష్టి మొదట బలముగా కనబడునది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ–జ్ఞాపకాలూనూ' అను గ్రంథమున. 1891లో గోదావరిమండలమున పొలమూరునందు జనించి 1961లో అస్తమించిన ఈ రచయిత పద్యవిద్యతో ఆరంభించి, అవధానములు చేసి, పిదప కథకుడై వచనమునకే అంకితుడైనాడు. ఆత్మకథను అసమగ్రముగనే విడిచినాడు. అందు చిత్రితమైన గృహము సంస్కృతవిద్యకు, వైదికాచారమునకు నెలవు. తెలుగున కవిత్వము చెప్పుట, తెలుగు కథలు వ్రాయుట అచట గౌరవహేతువులు కావు. ఇంటిని ప్రేమించిన కుమారుడు ఇల్లు మెచ్చని భాషను ప్రేమించినాడు. ఈ గ్రంథమునకు ప్రాణమైన సంఘర్షణమిదియే.

ఈ సంఘర్షణమును ఆయన యెట్లు చెప్పినాడన్నది మనకు ముఖ్యము. కందుకూరి వీరేశలింగము 'స్వీయచరిత్రము'తో పోల్చినచో భేదము తెలియును. వీరేశలింగము తన జీవితమును సంఘకార్యముల చరిత్రగా, లోకమునకు ఒప్పగింపవలసిన లెక్కగా రచించినాడు. దానికి తగినది గ్రాంథికవచనము. శ్రీపాద లెక్క యొప్పగింపలేదు, ఇంటివారిని మాటలాడనిచ్చినాడు. గ్రంథనామమునందలి దీర్ఘములును, చివరనున్న 'నూ' యును అరుగుమీది సంభాషణలోనివి; వ్యాకరణగ్రంథములోనివి కావు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 'కథలు–గాథలు' కూడ ఇట్టిదే. పద్యమున తిరుపతి వేంకటకవులలో ఒకడై జగత్ప్రసిద్ధి గాంచిన మహాపండితుడు జ్ఞాపకములకు దిగినప్పుడు వాడుకపలుకును ఆశ్రయించినాడు. దీనిని భాషోద్యమప్రభావమని మాత్రమే చెప్పి విడువరాదు. ఇంటి జ్ఞాపకము మాటలలో చెప్పబడు వస్తువు కాదు. అది చాలవరకు మాటలే. తల్లి మందలించిన తీరు, తండ్రి పిలిచిన పిలుపు, అత్త దెప్పిన దెప్పు వీనిని గ్రంథభాషలోనికి మార్చినచో అర్థము మిగులును, ఇల్లు మిగులదు. లాక్షణికులు చెప్పిన ప్రవృత్తి కిదియే నిదర్శనము.

మరియొక విశేషము. ఇంటివారి మాటను ఉన్నదున్నట్లు వినిపించుటచే, తన్ను వ్యతిరేకించిన పెద్దల వాదమునకును శ్రీపాద గ్రంథమున న్యాయము జరిగినది. వారు మూర్ఖులుగా కాక, తమ విద్యపై గౌరవము గల మనుష్యులుగా నిలిచిరి. తనదే గెలుపు అని తెలిసిన తరువాత వ్రాయుచున్నవాడు ఓడినవారికి నోరిచ్చుట స్వామ్యత్యాగమునకు మొదటి లక్షణము. ఈ దృష్టియే ఆయన కథలలోనికిని ప్రవహించినది. 'వడ్లగింజలు' కథలో చదరంగమున అసమానప్రజ్ఞ గల పేద బ్రాహ్మణయువకుడు శంకరప్ప పెద్దాపురప్రభువు దర్శనమునకై పడిన పాట్లు చదువునప్పుడు, గుర్తింపు లేని విద్యను పట్టుకొని గడపగడప తిరుగువాని బాధ రచయితకు పరాయిది కాదని తోచును. అయినను శంకరప్ప శ్రీపాద కాడు. తెలుగు చదరంగమైనది, స్మృతిలోని వ్యక్తి తొలగి స్మృతిలోని నొప్పి నిలిచినది.

పరభాషారచన యైనను తెలుగు పాఠకులకు మద్దిపట్ల సూరి అనువాదము వలన చిరపరిచితమైన 'పథేర్ పాంచాలి'ని ఇచట స్మరింపవలసియున్నది. విభూతిభూషణ వంద్యోపాధ్యాయుని ఈ నవల 1929లో గ్రంథరూపమున వెలువడినది. నవలలోని హరిహరుని వలెనే రచయిత తండ్రియు పౌరోహిత్యమును పురాణకథనమును వృత్తిగా గలవాడు. నిశ్చిందిపురమున రచయిత పెరిగిన పల్లెసీమ యొక్క ఛాయలు కలవు. రచన సాగినది మాత్రము స్వగ్రామమున కాదు. దూరమున భాగల్పురమున, ఒక జమీందారీ వ్యవహారములు చూచుచున్న దినములలో. స్మృతికి కావలసిన ఎడమును బ్రదుకుతెరువే కల్పించినది.

అంతకంటె గమనింపదగినది దుర్గ వృత్తాంతము. మొదటి వ్రాతప్రతిలో దుర్గ లేదు. భాగల్పురమున చింపిరిజుట్టుతో కనబడిన ఒక పల్లెపిల్లను చూచిన పిమ్మట, ఆ ముఖము లేని కథ వ్యర్థమని తలచి, విభూతిభూషణుడు నవలను తిరిగి వ్రాసినాడు. నేడు 'పథేర్ పాంచాలి' యనగానే పాఠకునకు మొదట గుర్తు వచ్చునది దుర్గయే: తోటలో పండ్లేరుకొను దుర్గ, తమ్ముని వెంటబెట్టుకొని రైలు చూడబోవు దుర్గ, వానలో తడిసి జ్వరపడి మరణించు దుర్గ. బాల్యస్మృతికి హృదయమని అందరును భావించు పాత్ర రచయిత యింటి స్మృతిలో లేనిది! ఆనవాళ్ల విమర్శ ఇచట నిరుత్తరమగును. రచయిత యింట దుర్గ కొరకు వెదకువాడు రిక్తహస్తములతో తిరిగివచ్చును. అట్లని దుర్గ అసత్యమా? విభూతిభూషణుని బాల్యమున నున్న ఒక వెలితికి, ఒక ప్రేమకు, ఒక భయమునకు ఆ తెలియని పిల్ల రూపమిచ్చినది. అభినవగుప్తుడు ప్రతిభానమన్నది దీనినే. తన యింటిలోనికి పరాయిపిల్లను ఆహ్వానించి, ఇంటికి ఆమెనే యజమానురాలిని చేసిన రచయిత స్వామ్యత్యాగమునకు పరమోదాహరణము.

తెలుగునకు మరలి వచ్చినచో, ఈ త్యాగము వేరొక విధముగా సాధింపబడిన రచన శంకరమంచి సత్యం 'అమరావతి కథలు'. 1975–77 నడుమ ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు చిత్రములతో వెలువడిన ఈ కథలకు 1979లో రాష్ట్రసాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. రచయిత అమరావతిలో జన్మించినవాడు; ఆకాశవాణి ఉద్యోగి. ఇది తన ఊరు, ఇవి తాను విన్నవియు కన్నవియు నైన కథలు. అయినను కథలలో 'నేను' మిక్కిలి తక్కువ. ఆ స్థానమును కృష్ణానదియు, అమరేశ్వరాలయమును గ్రహించినవి. స్మరించువాడు మనుష్యుడైనచో అతనికి తనవారు, పరులు అను భేదము తప్పదు. నదికి ఆ భేదము లేదు. మొదటి కథకు 'వరద' యని పేరుండుట కేవలము యాదృచ్ఛికము కాదని తోచును. వరద వచ్చినప్పుడు ఇల్లనునది మునిగి, ఊరనునది మిగులును. కులముల గోడలు నీటిలో నాని, ఆకలి యొక్కటియే అందరికిని ఉమ్మడిసొత్తగును. స్వగృహమును ముంచివేసి స్వగ్రామమును చూపుటతో సంపుటము ఆరంభమగుచున్నది.

ఈ పద్ధతికి లోపము లేకపోలేదు. నదివలె చూచువాడు అందరిపైనను సమానమైన దయ కురిపించును. అందుచే అన్యాయమునకు కారకుడైనవాడు కూడ ఆ దయలో కొంత తడిసి మెత్తబడును. కొన్ని కథలలో బీదతనము సౌందర్యముగా పరిణమించి, పాఠకుని కంట నీరు తెప్పించి, అచటనే ఆగిపోవును. స్వామ్యము పోవుట వేరు, బాధ్యత పోవుట వేరు. రాముడు మంథరను దాటవేసినప్పుడు ఆ దాటవేతను గమనించి పలుకు లక్ష్మణుడు రంగముననే యున్నాడు. మౌనమును మౌనముగా గుర్తించు గొంతొకటి కథలో నుండవలెను. లేనిచో క్షమ విస్మృతిగా మారును.

ఆ గొంతు కొన్ని రచనలలో బాలుని గొంతుగా వచ్చినది. నామిని సుబ్రహ్మణ్యంనాయుడు 'పచ్చనాకు సాక్షిగా', మహమ్మద్ ఖదీర్‌బాబు 1999 నాటి 'దర్గామిట్ట కథలు' ఈ కోవలోనివి. ఒకటి చిత్తూరుసీమ సేద్యగాండ్ర యిల్లు. రెండవది నెల్లూరుసీమ పేద ముస్లిం కుటుంబపు టిల్లు. రెంటను కథకుడు పిల్లవాడు. రెంటను భాష ఆ ప్రాంతపు పలుకుబడి. పిల్లవానికి చూపు కలదు, తీర్పు లేదు. అప్పులవాడు వచ్చినప్పుడు తల్లి ముఖమెట్లున్నదో అతడు చూచును. అప్పు ఏల పుట్టినదో అతనికి తెలియదు. తెలిసిన పాఠకుడు తెలియని పిల్లవాని మాట వినునప్పుడు ఆ నడిమి ఖాళీలో కథ పుట్టుచున్నది. నవ్వు పిల్లవానిది, నొప్పి పాఠకునిది. రెంటిని జతపరచినవాడు పెద్దవాడైన రచయిత. భవభూతి సీతకును ప్రేక్షకునకును నడుమ కల్పించిన ఎడము ఇచట ఒకే వ్యక్తి యొక్క రెండు వయస్సుల నడుమ ఏర్పడినది.

'దర్గామిట్ట కథలు' మరొక చిక్కును పరిష్కరింపవలసివచ్చినది. తెలుగు పాఠకలోకమున అధికసంఖ్యాకులకు ఆ యింటి పండుగలు, ప్రార్థనలు, బంధుత్వపు పిలుపులు అపరిచితములు. ప్రతిదానికిని వివరణ చేర్చినచో ఇల్లు ప్రదర్శనశాలగా మారును. చేర్పనిచో పాఠకుడు గుమ్మమువద్దనే నిలిచిపోవును. రచయిత పిల్లవానిచే మాటలాడించి ఈ చిక్కును దాటినాడు. పిల్లవాడు తన యింటిని ఎవరికిని పరిచయము చేయడు. అందరి యిల్లును ఇట్లే యుండునని నమ్మి చెప్పుకొనిపోవును. ఆ నమ్మకమే పాఠకుని లోపలికి చేర్చును. ఉర్దూపదమును నెల్లూరు యాసయు ఒకే వాక్యమున కలిసి కాపురము చేయుట చూచినప్పుడు, 'ఇది పరునిది' యను నియమమును భాషయే కరగించుచున్నదని తెలియును.

ఇంతవరకు చెప్పిన యిండ్లన్నియు ఏదో యొక విధముగా మరల చేరవలెనని మనస్సు కోరునవి. అన్ని యిండ్లును అట్టివి కావు. వై. బి. సత్యనారాయణ 2011లో ఆంగ్లమున వెలువరింపగా, పి. సత్యవతి తెలుగున అనువదించిన 'మా నాయన బాలయ్య'లో ఇల్లు ఊరు కాదు, ఊరినుండి విడుదల. నిజాము ప్రభువిచ్చిన భూమిలో అధికభాగము దొర వశమైన కథ ఆ కుటుంబమున తరతరములుగా చెప్పుకొనబడినది. తరువాత రైలుశాఖ కొలువును, ఉద్యోగస్థలము మారినకొలది మారు క్వార్టరును వారికి గృహములైనవి. ఇచట స్మృతి యొక్కనిది కాదు. తాత తండ్రికి, తండ్రి కొడుకునకు అప్పగించినది. పోయిన భూమిని గూర్చిన స్మృతియే వారసత్వపు ఆస్తి. ఇట్టి స్థలమున 'స్వామ్యత్యాగము' అను మాటను తడబాటు లేకుండ ప్రయోగింపరాదు. తనదనుకొనుటకు ఎన్నడును అనుమతి లేనివానిని త్యజింపుమనుట న్యాయము కాదు. ఆతడు ముందు 'ఇది మాది' యని పలుకవలెను. ఆ పలుకే ఆ రచన యొక్క సాహసము. అయితే ఆ 'మాది' ఒక్క కుటుంబముతో ఆగక, ఊరివెలుపల ఉంచబడిన వారందరికిని చెల్లునట్లు పలికినప్పుడు స్వామ్యము సాక్ష్యముగా మారినది. త్యాగమునకు ఇదియు ఒక మార్గమే.

స్త్రీల స్మృతికి మరియొక సమస్య కలదు. పుట్టినిల్లు, మెట్టినిల్లు అని రెండుగా చీలిన గృహము ఆమెది. ఏది స్వగృహమన్నది ఆమెకు తేలని ప్రశ్న. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' కథలో ఉన్నతవిద్య నెరపి నగరమున ఉద్యోగము చేయుచున్న చెల్లెలును, చదువునకు నోచుకొనక పల్లెలో కాపురమున్న అక్కయు కలిసికొందురు. ఇద్దరిదియు ఒకే పుట్టిల్లు. చెల్లెలిని చదివించిన తండ్రియే అక్క చదువును ఆపినవాడు. ఒకే గడపనుండి రెండు భిన్నస్మృతులు బయలుదేరినవి. కుండీలో కుదించి పెంచిన మరుగుజ్జుచెట్టును, వీథిలో స్వేచ్ఛగా పెరిగి గాలివానలో పదిమందికి నీడయిచ్చిన తురాయిచెట్టును చూచి అక్క చెప్పిన పోలికలో ఆగ్రహము లేదు, ఉపన్యాసము లేదు. ఒక యింటి చరిత్ర యంతయు నున్నది. ఇల్లు ఒకటే యైనను స్మృతి ఒకటి కాదని ఈ చిన్నకథ నిరూపించుచున్నది. తన స్మృతియే ఇంటి సత్యమని తలచు కథకుడు తన అక్కను అడిగి చూడవలెను.

ఈ పరిశీలనమును బట్టి స్వగృహస్మృతి మూలకములైన రచనలను చదువునప్పుడు మూడు ప్రశ్నలు అడుగుట ఉపయుక్తమని తోచుచున్నది. ఇంట కథకుని కాదన్నవారికి కథలో తమ మాట తమ నోట చెప్పుకొను అవకాశము దొరకినదా అనునది మొదటిది. స్మరించుచున్న వ్యక్తికిని స్మరింపబడు వ్యక్తికిని నడుమ ఎడమును రచయిత దేనితో కల్పించినాడు, దూరముతోనా, వయస్సుతోనా, నదివంటి సాక్షితోనా అనునది రెండవది. కథ ఏ చిత్రమును చూపక దాటిపోవుచున్నది, ఆ దాటవేత లజ్జ వలననా, క్షమ వలననా, స్వార్థము వలననా అనునది మూడవది. మొదటి ప్రశ్న భాషను, రెండవది శిల్పమును, మూడవది నీతిని పరీక్షించును. ఫలానా పాత్ర వాస్తవముగా నెవరను ప్రశ్నకు ఈ మూడింటి తరువాతనే చోటు.

బోధన విషయమున ఒక మాట. విశ్వవిద్యాలయములలో ఆత్మకథను ఒక పత్రమునను, కథానికను మరియొక పత్రమునను వేరుచేసి బోధించు ఆచారము కలదు. శ్రీపాద ఆత్మకథను, ఆయన కథలను ఒకే వరుసలో నుంచి చదివించినచో, ఒక రచయిత చేతిలో స్మృతి యెచట సాక్ష్యముగా ఆగినదో, ఎచట కథగా మారినదో విద్యార్థి తన కన్నులతో చూడగలడు. 'అమరావతి కథల' ప్రక్కన 'మా నాయన బాలయ్య'ను ఉంచినచో, ఊరు అనుమాటకు ఒకే అర్థము లేదని బోధింపకయే బోధపడును. విభూతిభూషణుని వ్రాతప్రతిలోనికి చింపిరిజుట్టు పిల్ల ఆలస్యముగా ప్రవేశించిన ఉదంతమును ప్రతి పరిశోధకుడును గుర్తుంచుకొనవలెను: ఇంటి కథలో అందరికంటె ఆత్మీయురాలు ఆ యింట పుట్టినదే కానక్కరలేదు.